నీటికి మూరెడు దూరంలో

మార్చి మొదటి వారంలో, లాండ్రీ వ్యాన్‌లో దుప్పట్ల మూటలు సర్దుతుంటే రూమ్ నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, బాబాయ్ ఖలాస్" అన్నాడు మా రూమ్మేట్.  ఈ గల్ఫ్ ఊళ్లోనే, సత్వా పేటలోని దర్జీ షాపులో, పొద్దున్నే మిషన్ ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించబోతూ అలాగే ముందుకు వాలిపోయాడట. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది సిరిసిల్ల వైపు, నాది కోనసీమ. తొమ్మిదేళ్లు ఒకే గదిలో ఉన్నాం, కింది మంచం ఆయనది, పై మంచం నాది. ఆ వరసన బాబాయ్ అయ్యాడు. ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు రాయమని రూమ్‌లో అందరూ నా మీద పెట్టారు. రాస్తాను. కానీ నేను ఆయనకు చేసిన అన్యాయం కూడా ఇందులోనే రాస్తాను. చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

బాబాయ్ ఇక్కడి ఆడవాళ్లు పైన తొడుక్కునే నల్లటి అబాయాలు కుట్టేవాడు. చాలా ఏళ్ల కిందట ఒక తెల్లాయన ప్యాంటు పొడవు తగ్గించుకోడానికి షాపుకొచ్చి, కట్టు ఊడిపోయిన చిన్న గాలం ఒకటి జేబులోంచి తీసి చూపించాడట. దాని చుట్టూ ఈకలు, దారం. వాళ్ల దేశపు కొండవాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుంది. దాన్ని మోసం చేయడానికి పురుగులా కట్టిన గాలం అది. బాబాయ్ అయిదు నిమిషాల్లో కట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఏటా చలికాలం చివర, సెలవు మీద ఊరెళ్లే ముందు, ఆ పెద్దమనిషి డజను గాలాలు కట్టించుకునేవాడు. దారం అబాయాలది. ఈకలు మా ఏసీ డబ్బాల మీద కాపురముండే పావురాలవి.

ఆ చేపను బాబాయ్ ఏనాడూ చూడలేదు. కానీ దాని సంగతులన్నీ అడిగి తెలుసుకుని రూమ్‌కొచ్చి మాకు చెప్పేవాడు. "సలికాలం పోతాంటే మంచు కరిగి వాగు నీళ్లు సల్లగుంటయట. చాప అడుగునే పంటదట. పొద్దుగాల ఏమేసినా కదలదట. పగటీలి ఎండ నీళ్ల మీద పడ్డంకనే మీదికొస్తదట. మెరుపు పనికిరాదు, నల్లగ, సన్నగ, దోమ లెక్క ఉండాలె." ఇంకో మాట కూడా అనేవాడు. "దానికి ఆకలి లేక గాదు బిడ్డా, అలిసిపోయున్నది. అలిసినోని నోటికాడికి మనమే పోవాలె."

ఆ మాటకు అర్థం నాకు 2020లో తెలిసింది. కంపెనీ మూతపడి, ఇంటికి ఫోన్ చేయడానికి మొహం చెల్లక, గోడవైపు తిరిగి వారాల తరబడి పడుకున్నాను. బాబాయ్ తన మంచం అంచు మీదికెక్కి, కలిపిన పప్పన్నం నా తల పక్కన పెట్టి దిగిపోయేవాడు. తినమని ఒక్కసారి కూడా బతిమాలలేదు. అది చల్లారేలోపు నా చెయ్యి దానంతటదే కదిలేది. తర్వాత షాపుకొచ్చిన ప్రతి కస్టమర్నీ అడిగి అడిగి, ఈ లాండ్రీ ఉద్యోగం కూడా ఆయనే వెతికిపెట్టాడు.

నిరుడు ఆయనకు భూతద్దం లేకుండా సూది బెజ్జం కనబడడం మానేసింది. చూపు నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టర్ చెప్పాడు. ఆ తెల్లాయన అప్పటికే పని మానేసి తన దేశం వెళ్లిపోయాడు. డాక్టర్ దగ్గర్నుంచి వచ్చిన రోజు బాబాయ్ ఏడవడం మొదటిసారి చూశాను. "ఇన్నేండ్లు కట్టిన గదరా. నా ఈక మీదికి చాప లేస్తదో లెవ్వదో తెల్వకుంటనే గుడ్డోన్నయిపోతనా? ఒక్కసారి నా కండ్లతోటి సూడాలె."

ట్రౌట్ ఇక్కడెక్కడ దొరుకుతుంది? ఇక్కడికి రెండు గంటల దూరంలోని హత్తా కొండల్లో, ఒక వాగు గుంటలో వేలెడంత చేపలున్నాయని నాకు తెలుసు. ఎండలు ముదిరితే అదీ ఎండిపోతుంది. ఫిబ్రవరిలో వెళ్దామన్నాను. బాబాయ్ మూడు రోజులు భూతద్దం పట్టుకుని నల్లపూసంత గాలం కట్టాడు. చివరికి పట్టకారుతో దాని మొన విరిచేశాడు. "నాకు చాప వద్దు. అది లేసుడు సూస్తే సాలు."

నాకు రెండింటికి డ్యూటీ, ఆలస్యమైతే ముదీర్, అదే మా మేనేజర్, ఊరుకోడు. అందుకని తెల్లవారుజామునే బయల్దేరదామన్నాను. "పగటీలి అన్నడు గదరా ఆయన" అన్నాడు బాబాయ్. "చేపలకి మధ్యాహ్నం ఏంటి బాబాయ్? మా నాన్న తెల్లారకుండానే కాలవలో గాలం వేసేవాడు. గోదారోడికి చేపల సంగతి నేర్పుతావా?" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వి, తెల్లవారుజామున నాకంటే ముందే లేచి తయారయ్యాడు.

వాగంతా కొండనీడలో ఉంది. నీళ్లలో వేలు పెడితే జివ్వుమంది. ఎనిమిదైంది, పదైంది, ఒక్క చేపా కదల్లేదు. ఎదురు బండ మీద మాత్రం ఎండ నెమ్మదిగా కిందికి దిగుతోంది. బాబాయ్ జేబులోంచి దర్జీ సుద్ద తీసి, తడుముకుంటూ వెళ్లి, ఎండ అంచున గీత గీశాడు. కాసేపటికి దాని కింద ఇంకొకటి. అలా నాలుగు గీతలయ్యాయి. నాలుగో గీత దగ్గర నుంచి నీళ్ల దాకా మోచెయ్యి పెట్టి కొలిచాడు.

"మూరెడే ఉన్నది. అర్ధగంట ఆగు బిడ్డా."

"యల్లా, లే బాబాయ్, పదకొండున్నరయింది. ముదీర్ మొన్ననే వార్నింగ్ ఇచ్చాడు."

"అర్ధగంటనే రా."

"వచ్చే ఆదివారం వద్దాం, పద!" అని విసుక్కుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నడిచినంత దూరం ఆయన వెనక్కి చూస్తూనే ఉన్నాడు, ఆ కళ్లకు ఏం కనిపించిందో.

ఆ రోజు నా వ్యాన్ మూడున్నరకు గానీ రాలేదు. గంటన్నర ఫుట్‌పాత్ మీద ఊరికే కూర్చున్నాను. రాత్రి రూమ్‌కెళ్తే బాబాయ్ అడిగిన మొదటి మాట, "టైముకు శేరినవా? ముదీర్ ఏమనలే గద?" అనే. ఏమనలేదు అన్నాను. తర్వాతి ఆదివారం ఓవర్‌టైమ్. ఆ పై ఆదివారం నిద్రపోయాను. మూడో ఆదివారానికి ఆయన లేడు.

సామాను సర్ది ఊరికి పంపించాం. ఆ గాలం మాత్రం పంపలేదు, దాచేసుకున్నాను. మొన్న సెలవు రోజున దాన్ని పట్టుకుని మళ్లీ హత్తా వెళ్లాను.

వాన పడలేదు కదా, సుద్దగీతలు నాలుగూ అలాగే ఉన్నాయి. నీళ్లే జానెడు తగ్గాయి. ఈసారి ఎండ ఇంకా ముందే దిగింది. మొదటి గీత దాటింది, రెండోది దాటింది. దిక్కుమాలిన నా మనసు అప్పుడు ఏం కోరుకుందో చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు. చేప లేవకూడదు, దేవుడా, లేవకూడదు అనుకున్నాను. లేవకపోతే ఆ రోజు ఆగినా లాభం లేకపోయేదని అనుకోవచ్చు, బతికినన్నాళ్లూ నిద్రపోవచ్చు. నాలుగో గీత కూడా దాటి ఎండ నీళ్ల మీద పడింది.

గాలం వేసి రెండు నిమిషాలు కూడా కాలేదు. అడుగునుంచి ఒక నల్లటి నీడ పైకొచ్చి టప్పున అందుకుంది. మొన లేదు కాబట్టి వదిలేసింది. వెంటనే ఇంకొకటి లేచింది, దాని వెనకే మరొకటి.

"లేసింది బాబాయ్" అని అరిచాను. నా మాటే కొండకు తగిలి తిరిగొచ్చింది.

నీళ్ల మీద వలయాలు విచ్చుకుంటూ వెళ్లి ఎదురు బండకు తాకుతున్నాయి. దాని పైన నాలుగో గీత పొడిగా, తెల్లగా అక్కడే ఉంది.