చంద్రరావు తుడిచేసిన ఆల్బమ్

నిడదవోలు స్టేషన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే చంద్రరావుకి ఆ రోజుల్లో ఒక తిరుగుడు ఉండేది. నెట్ సరిగా అందని ఊళ్ల కోసం యాంటీవైరస్ కొత్త ఫైళ్లను తన షాపులోనే దింపుకుని, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, బండి మీద వెళ్లి ఎక్కించి వచ్చేవాడు. ఆ ఫైళ్లని ఒక కంపెనీ డెఫినిషన్లంటుంది, ఒకటి సిగ్నేచర్లంటుంది, మరొకటి డేటాబేస్ అని ఊరుకుంటుంది. గుట్టుగా వివరాలు లాగేసే స్పైవేర్‌కి విడిగా ఇంకో ఫైలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

"ఒకే పిల్లాణ్ణి అమ్మ ఒకలా, నాయనమ్మ ఒకలా పిలిచినట్టేనండి. పేరేదైనా లోపలుండేవి దొంగల ఆనవాళ్లే" అనేవాడు.

చాగల్లులో బట్టల కొట్టు నడిపే జగదాంబ నవ్వేది. "మీ దొంగలు నెలనెలా మారతారేంటండి? మా కొట్లో జాకెట్టు ముక్కలు ఎత్తుకెళ్లేవాడు నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ ఒక్కడే."

ఆవిడ కూతురు లక్ష్మీప్రసన్న డెంగీ జ్వరంతో పోయింది. పిల్ల ఓణీల ఫంక్షన్ ఫొటోలని స్టూడియోవాళ్లు నొక్కగానే పేజీలు తిరిగే ఆల్బమ్‌గా చేసి, అంతా ఒకే ప్రోగ్రామ్ ఫైల్లో పెట్టి డిస్కు మీద ఇచ్చారు. విడి ఫొటోలు లేవు. డిస్కు పొర లేచిపోయింది, స్టూడియో మూతపడింది. కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటర్లోనే పిల్ల మిగిలింది.

ఒకరోజు చంద్రరావు ఆ కంప్యూటర్లో కొత్త సిగ్నేచర్లు ఎక్కించి స్కాన్ పెట్టాడు. తెర మీద ఎర్రగా ఏదో పట్టుబడింది. ఎరుపు చూస్తే జనం కంగారుపడతారని, పట్టుబడినవాటిని పేరైనా చదవకుండా తుడిచేసి వెళ్లడం ఆయన పద్ధతి. అలాగే చేశాడు.

ఆ సాయంత్రం ఫోనొచ్చింది. "చంద్రరావు గారండీ, అమ్మాయి కనపడట్లేదండి."

మర్నాడు పొద్దున్నే పరుగెత్తాడు. పోయిన ఫైళ్లని వెతికి తెచ్చే సాధనాలన్నీ నడిపి చూశాడు. అప్పటికే ఆ జాగాలో వేరేవి వచ్చి పడ్డాయి. ఒకటి రెండు ముక్కలు దొరికాయి కానీ తెరుచుకోలేదు.

"కొత్త ఫైలు పొరబడిందండి. ఆ ఆల్బమ్ కట్టిన తీరు వైరస్‌లా ఉందని పట్టుకుంది. పట్టుకుని పక్కన పెట్టిందంతేనండి. తుడిచింది నేను."

"దొంగల్లో కలిపేశారా అండి మా పిల్లని" అంది జగదాంబ, ఎవరితోనో అన్నట్టు. తరవాత లోపలికెళ్లి టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగలేకపోయాడు.

పై నెల చంద్రరావు అటు వెళ్లలేదు. ఆవిడే ఫోన్ చేసింది.

"కొత్త ఫైలు తేలేదేంటండి? కంప్యూటర్ నెమ్మదించి బిల్లులు కదలట్లేదు. మీరు రాకపోతే ఇంకెవర్ని పిలుచుకోనండి?"

వెళ్లాడు. స్కాన్ నడుస్తున్నంతసేపూ తెర మీద కదిలే ప్రతి పేరూ పెదాలు కదుపుతూ చదివాడు. ఆవిడ వీపు తిప్పి చీరలు మడతపెడుతోంది.

"ఏమైనా దొరికిందా అండి?"

"ఏం లేదండి."

"అయితే వెతకడం ఆపేయండి" అంది, మడతలోంచి తలెత్తకుండానే.