వంటింటి పక్కనే చెడిపోయే ఇంజన్

మా లెఫ్టినెంట్ కాస్తేరాకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఆయన విమానం ఎప్పుడు చెడిపోయి కిందకి దిగినా, సరిగ్గా అక్కడే ఎవరింట్లోనో పొయ్యి మీద ఏదో ఉడుకుతూ ఉండేది. యుద్ధం మొదలై రెండేళ్లయినా ఆయన ఇంజన్ ఒక్కనాడూ ముళ్లపొదల్లో ఆగలేదు, బురదగుంటలో ఆగలేదు. ఆగితే బాతుకూర పక్కనే ఆగింది.

ఆ ఇంజన్ చూసుకునే మెకానిక్కుని నేనే. పేరు బ్రిషే. ఫ్రాన్సులో నాన్సీ ఊరి పక్కన మా విమానాల మైదానంలో ఆ ఇంజన్‌ని కన్నబిడ్డలా సాకాను. దానికి కందెన ఆముదం. ఎగురుతున్నంతసేపూ ఆ ఆముదం పొగ పైలట్ ముక్కులోకీ నోట్లోకీ కొట్టేది. మిగతా పైలట్లు దిగీ దిగగానే బెల్టులు విప్పుకుంటూ దొడ్డివైపు పరుగు తీసేవారు. కాస్తేరా మాత్రం మీసం తుడుచుకుని, "బ్రిషే, ఆకలి దంచేస్తోందిరా!" అనేవాడు.

అలాగని పిరికివాడనుకునేరు. ఒకసారి కాళ్ల దగ్గర ఇంత జున్నుముద్ద పెట్టుకుని వస్తుంటే, జర్మన్ తూటా ఒకటి వచ్చి దానికి తగిలింది. ఇంటిదారి పట్టినవాడు కాస్తా వెనక్కి తిరిగి, మూడు ఊళ్లు తరిమి మరీ ఆ జర్మన్ విమానాన్ని కూల్చాడు.

"నన్ను కొట్టమను, ఊరుకుంటా. జున్ను ఏం పాపం చేసిందిరా?" అని దిగగానే నన్ను నిలదీశాడు, కాల్చింది నేనే అయినట్టు.

ఆ రాత్రి జున్ను పంచుకుని తిన్నాం. లోపల తూటా ఉన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. నా పన్ను ఒకటి విరిగింది.

వారం తిరిగేసరికి ఏదో ఒక ఊరి తపాలాఫీసు నుంచి ఫోన్ వచ్చేది.

"మీ పైలట్ మా ఊళ్లో దిగాడండీ."

"అయ్యో, దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదండీ. కోడి ఉడకడానికి ఇంకో గంట పడుతుందట. ఉండమంటారా, వచ్చెయ్యమంటారా అని అడగమన్నాడు."

తిన్నది ఆయన, తిట్లు నాకు. మా కెప్టెన్ వోమోరే విమానం ఎక్కకుండానే ఆముదం తాగిన మొహంతో తిరిగే మనిషి. ఒకనాడు నన్ను పిలిచి, "ఇంకొక్కసారి నీ ఇంజన్ ఆగిందా, చేతికి తుపాకీ ఇచ్చి కందకాల్లోకి పంపిస్తా" అన్నాడు. కందకాల్లోకి వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ. నేరుగా కాస్తేరా దగ్గరికి పరుగెత్తాను.

"లెఫ్టినెంట్‌గారూ, నాకు పెళ్లాం ఉందండీ."

"నాకు ఆకలి ఉందిగా."

"నవ్వులాట కాదండీ. నన్ను కందకాల్లోకి తోలేస్తారట!"

ఆయన నవ్వు ఆపేశాడు. "సరే, రేపు ఆగదు. ఒట్టు. ఇంతకీ రేపు నాతో ఎవరొస్తున్నారు?"

"కొత్తగా వచ్చాడు చూడండి, ఎల్వా అని. అతను."

కాస్తేరా మీసం దువ్వుకున్నాడు. కొత్త పైలట్లంటే ఆయనకి మొదట్నుంచీ మోజు, అడిగి మరీ వెంట తీసుకెళ్లేవాడు. జంటగా వెళ్లినవాళ్లలో ఒకరు దిగిపోతే రెండోవాడూ వెంట దిగాలని మా దళంలో ఆనవాయితీ. కొత్తవాళ్లయితే ఎదురు చెప్పరు కాబట్టి లోకువ అని మేమంతా అనుకునేవాళ్లం.

ఒట్టు తీసి గట్టున పెట్టాడు. మర్నాడు పొద్దెక్కకముందే ఫోన్ మోగింది. నేను సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను.

కెప్టెనే కారు తీశాడు. "ఎక్కు. దానికేం రోగమో నా కళ్లముందు చూపించు. తర్వాత అటునుంచి అటే కందకాలకి."

ఒక రైతు ఇంటి వెనక క్యాబేజీ తోటలో రెండు విమానాలూ పక్కపక్కన ఉన్నాయి. కాస్తేరా విమానం చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, కెప్టెన్ని సీట్లో కూర్చోబెట్టి పంకా తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజన్ సింహంలా గర్జించింది.

"చూశారా! బంగారం లాంటి ఇంజన్!" అని అరిచాను. అరిచాక గానీ అసలు సంగతి తట్టలేదు. నా గండం గడిచింది, కాస్తేరా గండం మొదలైంది. అబద్ధం చెప్పి యుద్ధం మధ్యలో దిగిపోయినవాణ్ణి సైన్యం గోడకి నిలబెట్టి కాల్చేస్తుంది.

అంతలో లోపల్నుంచి కాస్తేరా గొంతు. "బ్రిషే! ఆ మోత ఆపి రారా, సూప్ చల్లారిపోతోంది!"

వంటింట్లో ఎల్వా బల్ల ముందు కూర్చుని, నిండు చెంచా సూప్‌ని నోటిదాకా ఎత్తుతున్నాడు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. కాస్తేరా రెప్ప వెయ్యకుండా ఆ చెంచానే చూస్తున్నాడు. చెంచా నోటికి చేరింది. చుక్క ఒలకలేదు.

"భేష్! ఇక నువ్వు ఎగరొచ్చు!" అని కాస్తేరా బల్ల చరిచాడు. అప్పుడు చూశాడు కెప్టెన్ని.

"ఏమిటిది?" అన్నాడు కెప్టెన్.

కాస్తేరా నోరు తెరిచేలోపే ఆ ఇంటి ముసలమ్మ ఓర్తాన్స్ అందుకుంది.

"ముందు తలుపెయ్యి నాయనా, చలి. కొత్త పిల్లల్ని ఇలాగే ఎవరో ఒకరింటికి తోలుకొస్తాడు ఈ బాబు. భయంతో చేతులు వణుకుతుంటే తుపాకీ గురెలా కుదురుతుంది, పోతారంటాడు. వీడు మొదటి గిన్నె అంతా చొక్కాకే తాగించాడు. ఇది నాలుగోది. చెంచా ఒలకనినాడే సరిహద్దు దాటనిస్తాడట."

నాకు ఆయన కాళ్లమీద పడాలనిపించింది. రెండేళ్లుగా నా ఇంజన్ పరువు తీసినందుకు పీక పిసకాలనీ అనిపించింది.

కెప్టెన్ టోపీ తీసి, కుర్చీ లాక్కుని, "నాకూ కాస్త పొయ్యమ్మా" అన్నాడు. చెంచా ముంచి ఎత్తాడు. సగం దారిలో అది గడగడ వణికి, సూప్ కాస్తా ఛాతీ మీది పతకాల మీద పడింది. మేమందరం ఇంటి దూలాల వైపు చూశాం.

"కెప్టెన్‌గారూ, మీ కారు కూడా చెడిపోయినట్టుందే" అన్నాడు కాస్తేరా మెల్లగా.

కెప్టెన్ నా వైపు చూశాడు. నా చేతిలో ఉన్న బండి చెడిపోయిందని నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు.

"పెద్ద రిపేరేనండీ. సాయంత్రం దాకా కదలదు" అని, నేనూ కుర్చీ లాక్కున్నాను.