ప్యాడుకు కొసరుగా పేస్టు

నా బేరాల చరిత్రలో అంతటి గెలుపు మళ్లీ రాలేదు. ముప్పై అయిదు రూపాయల ప్యాడ్ ఒకటి కొని, నలభై రూపాయల పేస్టును దానికి కొసరుగా రాబట్టాను. రెండూ తెచ్చి, రెండింటినీ ఒకేచోట వాడి, గంటసేపు పనిచేసే కంప్యూటర్‌ను పది నిమిషాలకే పడుకోబెట్టాను. ఇది అందరికీ చేతనయ్యే పని కాదు. దీనికి అంగళ్ల మధ్య పుట్టి పెరిగి ఉండాలి.

మా నాయనది ఉరవకొండలో చిల్లర అంగడి. ఒక పక్క చిన్నాయన బట్టలంగడి, ఇంకో పక్క మామ ఎరువులంగడి. అంగడివాడు చెప్పినదాంట్లో సగం తీసేసి వినాలని నాకు ఉగ్గుపాలతోనే పట్టించారు.

ఆ కంప్యూటర్ మా ఆవిడది. రెండువేల రెండో, మూడో సంవత్సరం. మా అంగడి వెనక రేకుల గదిలో డీటీపీ పెట్టుకుని పెళ్లి పత్రికలు, అర్జీలు టైపు చేసేది. ఆ మార్చిలో ఒక ప్రైవేటు బడివాళ్లు సంవత్సరాంత పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ ఆమెకే ఇచ్చారు. నాలుగు రోజుల్లో అందించాలి. బాగా చేస్తే ఏటా ఆమెకే, లేకుంటే పాత ప్రెస్సుకు పోతుంది. అప్పటిదాకా మా అంగడి మొహం చూసి పని ఇచ్చినవాళ్లే గాని, ఆమె చేతిపని చూసి వచ్చినవాళ్లలో వీళ్లే మొదలు. ఆ చేతిరాత కాగితాల కట్టను ఆమె రెండు చేతులతో పట్టుకుని లోపలికి తెచ్చుకుంది.

ఎండ ముదిరింది. రేకులు కాలిపోయి, గంటకోసారి కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతోంది. నేను పెట్టె విప్పి దుమ్ము దులిపాను. అంతటితో ఊరుకోక ప్రాసెసర్ మీద ఉన్న అల్యూమినియం దిమ్మెను కూడా పీకాను. ప్రాసెసర్ వేడిని ఆ దిమ్మె లాక్కోవాలి. వేడి దాటడానికి రెంటి మధ్యా మెత్తటి, పలచటి ప్యాడ్ ఒకటి అంటించి ఉంటుంది. నా పీకుడుకు అది చిరిగిపోయింది. ఇక కొత్తది వేయాల్సిందే.

అనంతపురం బస్సెక్కాను. కంప్యూటర్ సామాన్లు అమ్మే ఆయన రెండు రకాలు చూపించాడు. ఒకటి చదరపు ప్యాడ్, ఇంకొకటి సన్నటి సిరంజిలో తెల్లటి పేస్టు.

"చెయ్యి మోటైతే ప్యాడ్ తీస్కో అన్నా. అంటిచ్చి మర్సిపోవచ్చు. చెయ్యి నిదానమైతే పేస్టు. పెసరగింజంత పెడితే సాలు, వేడి బాగా లాగుతాది. నీ చెయ్యి యాట్లాంటిది?"

"నాది పెద్ద చెయ్యి. రెండూ పడతాయి. ప్యాడ్ కొంటా, పేస్టు కొసరెయ్యి."

"ఏమప్పా, ఇవేమన్నా బెండకాయలా, కొసరెయ్యడానికి?"

ముప్పావు గంట పట్టింది. రెండుసార్లు అంగడి మెట్లు దిగి, రెండుసార్లు తిరిగి ఎక్కాను. చివరికి ఆయన నీరసపడి సిరంజిని పొట్లంలో పడేశాడు.

"తీస్కపో. గానీ రెండూ కలిపి ఎయ్యొద్దు, మందమైతే వేడి దాటదు. ఏదో ఒకటే. సెప్తాండా."

ఆ మాటలోనూ సగం తీసేశాను. చేతిలో పెట్టినదాన్ని వాడొద్దని అంగడివాడు ఎందుకంటాడు? ఊరికే పోయిందన్న కడుపుమంటతో అంటాడు. బస్సులో దారిపొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చి ప్రాసెసర్ మీద పేస్టు, దానిమీద ప్యాడ్, దానిమీద మిగిలిన పేస్టంతా, రొట్టెకు నెయ్యి పూసినట్టు పూశాను. మా ఆవిడ కూర్చుంది. ముందురోజు కొట్టిన సోషల్ పేపర్ తెరిచి, తప్పులు దిద్ది, సేవ్ నొక్కింది. సరిగ్గా అప్పుడే ఆగిపోయింది. మళ్లీ వేసి చూస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు. ఎనిమిది పేజీలు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. కీబోర్డు మీంచి చేతులు తీయకుండానే నావైపు తిరిగింది.

"అంగడాయప్ప ఏమన్నా సెప్పినాడా?"

"ఏం సెప్పలే."

కాగితాలు మళ్లీ మొదటినుంచి తీసి, వరుసకోసారి సేవ్ చేస్తూ కొట్టసాగింది. నేను పెట్టె పక్క రేకు ఊడదీసి, విసనకర్ర తెచ్చి, కింద కూర్చుని ప్రాసెసర్‌కు విసరడం మొదలుపెట్టాను. విసిరితే ఇరవై నిమిషాలు నిలబడుతోంది.

"ఏమయ్యా, పెండ్లై ఆరేండ్లాయ. నాకెప్పుడన్నా ఇట్ల ఇసిరినావా?"

"నువ్వెప్పుడన్నా ఆగిపోయినావా?"

నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చెమట అంది. అది చూశాక అబద్ధం లోపల ఉండనంది.

"సెప్పినాడు మే. రెండూ ఎయ్యొద్దన్నాడు. ఉత్తగా వచ్చింది గదా అని నేనే ఏసినా."

ఆమె టైపు ఆపలేదు. "ఉత్తగా ఇస్తే నువ్వు ఆముదం గూడా రెండు లోటాలు తాగుతావు. ఇసురు, ఆపొద్దు."

మరుసటి రోజు మొదటి బస్సుకే వెళ్లి పేస్టు అడిగాను. నలభై అన్నాడు. నలభై తీసిచ్చాను. ఆయన దుడ్లు అందుకోకుండా నా మొహం చూశాడు.

"ఏమన్నా, ఇంట్లో అందరూ బాగుండారా?"

మందుల షాపులో స్పిరిట్, దూది కొన్నాను. ఈసారి ఆమె నన్ను తాకనివ్వలేదు. నా ప్యాడూ పేస్టూ కలిసి ముద్దైన జిగురునంతా ఓపిగ్గా తుడిచింది. పెసరగింజంత పేస్టు నడిమధ్యన, పసిబిడ్డ నుదుట బొట్టు పెట్టినంత మెల్లగా పెట్టి, దిమ్మె బిగించింది. చెయ్యి నిదానం అంటే ఏమిటో అప్పుడు చూశాను. ఆ రోజంతా కంప్యూటర్ ఆగలేదు. నాలుగో రోజు సాయంత్రానికి ప్రశ్నపత్రాలు బడికి చేరాయి. మరుసటేడు వాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు, నన్ను పలకరించను కూడా లేదు.

ఇక ఖర్చు. ప్యాడ్ ముప్పై అయిదు. రెండుసార్లు బస్సు, పోనూ రానూ కలిపి డెబ్బై రెండు. పేస్టు నలభై. స్పిరిట్, దూది పద్నాలుగు. మొత్తం నూట అరవై ఒకటి. మొదటిరోజే మాట విని పేస్టొక్కటే కొని ఉంటే, ఒకసారి బస్సు, స్పిరిట్, దూది కలిపి తొంభైతో పోయేది. నా తెలివికి అయిన ఖర్చు డెబ్బై ఒక్క రూపాయని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. అది తప్పు లెక్క. ఆమె రెండోసారి కొట్టిన ఎనిమిది పేజీలు అందులో వేయలేదు. బయటివాళ్ల దగ్గర ఆమె తీసుకునేది పేజీకి పన్నెండు. ఎనిమిదింటికి తొంభై ఆరు. నేను విసిరినదానికి ఏమైనా తగ్గించమని అడిగి చూశాను, ఒప్పుకోలేదు. నష్టం నూట అరవై ఏడు.