అయుత్తయలో నేను తీసిన ఫోటో

బ్యాంకాక్ నుంచి అయుత్తయకి మూడో తరగతి రైల్లో వెళ్లాను. అందరూ ఏసీ వ్యానులో వెళ్తారనీ, ఆ రైలెక్కేది కూరగాయల వాళ్లేననీ హాస్టల్ రిసెప్షన్ పిల్ల నవ్వింది. ఆ నవ్వు నేనింకా మర్చిపోలేదు. స్టేషన్ దగ్గర అద్దెకిచ్చిన సైకిలుకి వెనక బ్రేకు లేదు. సంచిలో ఉడకబెట్టిన గుడ్లు, హాస్టల్లో పట్టుకున్న నీళ్లు. నెత్తిన గడ్డిటోపీ, మోకాళ్ల దాకా లాగు, మూడు వారాల ఎండకి నల్లబడ్డ మొహం. చోడవరంలో మా వీధివాళ్లు చూసినా పోల్చుకోలేరు.

ఊళ్లో ఒక పాడుబడ్డ గుళ్లో రాతి బుద్ధుళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కరికీ తల లేదు. ఎప్పుడో దండెత్తి వచ్చినవాళ్లు నరికేశారట. బయట గోడ నీడన కూర్చుని గుడ్డు ఒలుచుకుంటుంటే తెలుగు వినపడింది. అదీ మా వైపు తెలుగు.

"ఒరే, ఆ గుంటని సూడు. గుడికొచ్చి గుడ్డు తింతంది. ఏ దేశందో, దిక్కూ మొక్కూ లేనట్టుంది."

అన్నది ఒక ముసలావిడ. నేత చీర, కాళ్లకి కొత్త బూట్లు. పక్కన కొడుకు, కోడలు.

"ఇక్కడ ఊడ్సే మనిసేమో అత్తా," అని కోడలు నవ్వింది. "మొకం సూడు, మాడిపోయిన అట్టులాగ."

తెలుగుదాన్నని చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంకా ఏమంటారో విందామని నములుతూ కూర్చున్నాను.

కొడుకు వచ్చి "ఫోటో, ఫోటో" అంటూ నా చేతిలో ఫోను పెట్టి, లోపల బుద్ధుళ్ల వరస ముందుకి తీసుకెళ్లాడు. ముసలావిడ సంబరపడిపోయింది. "నీ పెళ్లయ్యేక నీతో ఒక్క ఫోటో దిగలేదురా బాబూ. ఇది పెద్దది సేయించి నా మంచం ఎదర ఎట్టుకుంతాను," అంటూ కొడుకు చెయ్యి పట్టుకుంది. బొట్టు సరిగ్గా ఉందా అని కోడల్నే అడిగింది.

"ఉందత్తా" అంటూనే కోడలు ఆవిడ వెనకనుంచి నాకు సైగ చేసింది. అత్తని చూపించి, చేత్తో గాల్లో కోసినట్టు కోసింది. ఆవిడ లేకుండా తియ్యమని. కొడుకు ఆ సైగ చూశాడు. చూసి, ఫోను వైపు తిరిగి నవ్వాడు.

దిక్కూ మొక్కూ లేదన్న మాట నాలో ఇంకా మండుతూనే ఉంది. ఫోను కాస్త పక్కకి జరిపాను. కొడుకు, కోడలు, వెనక నలుగురు బుద్ధుళ్లు పడ్డారు. ముసలావిడ చెయ్యి మాత్రం మణికట్టు దాకా పడింది.

"నేను పడ్డానేటి బాబూ?"

కొడుకు ఫోను చూసి జేబులో పెట్టేశాడు. "పడ్డావమ్మా. బాగా పడ్డావు."

"పడలేదు మామ్మా," అన్నాను నేను. "నీ సెయ్యే పడింది. నిన్ను తియ్యొద్దని నీ కోడలు సైగ సేసింది. నీ కొడుకు సూసేడు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తెలుగుదానివా? ఏ ఊరే?"

"చోడవరం."

"మాది మీ పక్కన సీడికాడే! మా మాటలన్నీ ఇనుకుంటా దొంగలాగ కూకున్నావేటే? మా గుంటడు అబద్ధమాడడు."

"అయితే ఫోను సూపించమను." నేను వదల్లేదు.

ఆవిడ కొడుకు వైపు చెయ్యి చాపింది. "సూపించరా."

"ఛార్జింగ్ అయిపోయిందమ్మా," అన్నాడు జేబు మీద చెయ్యేసి.

"ఇప్పుడే కదా ఫోటో తీసేను?"

ముసలావిడ చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ చేత్తోనే కొంగు నెత్తిమీదికి లాక్కుని, "ఎండగుంది, పదండి," అంది. కొడుకుని దాటుకుని ఒక్కతే నడిచింది.

కోడలు నా దగ్గర ఆగింది. "దీనివల్ల నీకేటొచ్చింది?"

హాయిగా ఉందని చెప్పాను. నిజమే చెప్పాను.

అవతల వాళ్లొచ్చిన వ్యాను తలుపు తాళం వేసి ఉంది. డ్రైవరు వచ్చేదాకా ముసలావిడ మాకు వీపు పెట్టి ఎండలోనే నిలబడింది. కొడుకు ఆవిడ దగ్గరికి వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.