చెప్పి ఇచ్చే ఇల్లు

కిరాయికి ఇచ్చే ఇంటిని నోరారా తిట్టే ఓనరును నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆమె పేరు సారమ్మ.

జనగామ నుంచి మహబూబాబాద్‌కు బదిలీ మీద వచ్చిన ఏడు, బడి తెరిచేలోపు ఇల్లు దొరకాలని ఊరంతా తిరిగాను. ఎవరిని కదిపినా తమ ఇల్లు ఇంద్రభవనమే. నీళ్లకు రంది లేదన్న ఇంట్లో నల్లా తిప్పితే గాలి వచ్చింది. గాలికి కొదవ లేదన్న ఇంట్లో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ ముక్కుకు తగిలింది. అబద్ధం చెప్పే ఓనర్లంటే నాకు ఒళ్లు మంట. ఆ మంటతోనే రైలు పట్టాల అవతల సారమ్మ ఇంటి గేటు తోసుకుని పోయాను. రెండు పోర్షన్ల ఇల్లు అది, మధ్యలో ఆమె ఉండే చిన్న గది. ముందు పోర్షన్‌లో దర్జీ కొమురయ్య, ఆయన భార్య ఉంటున్నారు. వెనక పోర్షన్ ఖాళీ.

"గిది వంటిల్లు. వానకాలం గీ మూలకు ఉరుస్తది, గిన్నె పెట్టుకోవాలె" అని మొదలుపెట్టింది సారమ్మ. "ఎండలు ముదిరితె బోరు ఎండుతది. రైలు పోతుంటె సామాన్లు గలగలమంటయ్. ఎనక సందుల పాములు తిరుగుతయ్, కని మనిషి జోలికి రావు."

ఇల్లు అయిపోయాక నా వంతు వచ్చింది. ట్యాంకు నిండగానే మోటరు బందు చేయాలి. మోరీలో అన్నం మెతుకులు పోయకూడదు. గోడకు మొల కొట్టే ముందు ఒక మాట అడగాలి. అన్నీ చెప్పి, చివరకు ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్పింది.

"ఉన్నోళ్లల్ల ఎవరికన్న పానం మీదికొస్తె ఇంట్లనే ఉంచుకోవచ్చు. దవాఖానల పోయినా ఇంటికే తెచ్చుకోవచ్చు. నేను అడ్డం చెప్ప."

ఇల్లు చూడవచ్చిన మనిషితో చావు సంగతి మాట్లాడుతుందేమిటి ఈమె అని నా మొహం మాడిపోయింది. ఆమె మాత్రం అదేమీ పట్టించుకోలేదు. "నా ఇంటి సంగతి నేను చెప్పిన. మీ దిక్కు ఏమన్న ఉంటె ఇప్పుడే చెప్పుండ్రి టీచరమ్మా" అన్నది.

"నాకు కోపం ఎక్కువ" అన్నాను.

"అది గేటు తీసినప్పుడే ఎరుకైంది" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది.

ఆ చావు మాట వెనక ఉన్న కథ నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. సారమ్మ భర్త పాపయ్య తొర్రూరులో హమాలీ. వాళ్లు ఒక కొత్త డాబాలో కిరాయికి ఉండేవాళ్లు. పాపయ్య వరంగల్ దవాఖానలో ప్రాణం విడిచాడు. శవాన్ని తీసుకుని వ్యాన్‌లో వచ్చేసరికి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. బిడ్డ పెళ్లి పెట్టుకున్నామని, లోపలికి తేవద్దని రెండు చేతులూ జోడించాడు. కిరాయి ఇళ్లలో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మంచం పట్టిన మనిషి ఉంటే ముందే సొంత ఊరికో, చుట్టాల పంచకో చేర్చాలి. అది అగ్రిమెంటులో రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు.

పాపయ్యను కట్టెల అడితి పక్కన, బజార్లో పడుకోబెట్టారు. ఆ రోజు ముసురు. పాస్టరు గొడుగు పట్టుకుని ప్రార్థన చేశాడు. దారిన పోయేవాళ్లు చూస్తుండగా సారమ్మ మొగుడికి స్నానం చేయించింది. కొడుకు ప్రభుదాస్ టార్పాలిన్ ఎగిరిపోకుండా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"టార్పాలిన్ గుడ ఆ ఓనరే ఇచ్చిండు టీచరమ్మా. చెడ్డోడు గాదు" అనేది సారమ్మ. నాకు మాత్రం ఆ మనిషి కనబడితే చెడామడా తిట్టాలనిపించేది.

ఆ తర్వాత ఆమె మహబూబాబాద్‌కు వచ్చి ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేరింది. పైసా పైసా కూడబెట్టి ఈ ఇల్లు కట్టింది. కట్టేటప్పుడే అనుకుందట, తన గేటు దగ్గర ఎవరి శవమూ ఆగకూడదని.

అన్నట్టే కొమురయ్యకు జబ్బు ముదిరినప్పుడు సారమ్మ ఆ మాట నిలబెట్టుకుంది. ముందు గదిలోనే, తన కుట్టు మిషను పక్కనే, ఆయన కన్ను మూశాడు. పాడె ఆ గుమ్మం నుంచే లేచింది. కొన్నాళ్లకు ఆయన భార్య బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. ముందు పోర్షన్ చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ సారమ్మ తన పద్ధతి ప్రకారం అన్నీ చెప్పేది. ఉరుస్తుందంటే తలూపేవాళ్లు. పాములంటే నవ్వేవాళ్లు. "ఈ గదిల మొన్ననే ఒకాయన పోయిండు" అనగానే చెప్పులు వెతుక్కునేవాళ్లు. ఏ నక్షత్రంలో పోయాడు, ఇల్లు ఎన్నాళ్లు మూసిపెట్టారు అని అడిగి మరీ పోయేవాళ్లు. టులెట్ బోర్డు ఎండకు వెలిసిపోయింది. గదిలో చెదలు పట్టాయి.

భూపాలపల్లిలో బొగ్గు బాయి దగ్గర నౌకరి చేస్తున్న ప్రభుదాస్ వచ్చి తల్లి మీద గయ్యిమన్నాడు. "నీ నోరే నీకు శత్రువు. ఉరుస్తదని చెప్పు, మోరీ అని చెప్పు, కొమురయ్య ముచ్చట తియ్యకు. గీ ఒక్కసారి చూస్త. లేకుంటే ఇల్లు అమ్మి నిన్ను తోలుకపోత."

ఆ ఇల్లు వదలడమంటే సారమ్మకు ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకే ఉపేందర్, అనిత ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, కొడుకు పక్కన నిలబడి ఉండగా, ఆమె మొదటిసారి నోరు కట్టుకుంది. ఉరుస్తుందని చెప్పింది, పాములని చెప్పింది, అక్కడ ఆగిపోయింది. కొమురయ్య మాట ఎత్తకూడదంటే చావు మాటే ఎత్తకూడదు. కాబట్టి ఇంట్లోనే ఉంచుకోవచ్చన్న మాట కూడా చెప్పలేదు. మీ దిక్కు ఏమైనా ఉంటే చెప్పండని అడగనూ లేదు. తాను దాచి ఎదుటివాళ్లను ఏ మొహంతో అడుగుతుంది?

ఉపేందర్ ఒక ఎరువుల దుకాణంలో గుమాస్తా. గంగారం అవతల తండా వాళ్లది. తామిద్దరూ పిల్లలూ ఉంటామని చెప్పాడు. సామాన్లు దిగాక, చీకటిపడే వేళకు ఆటోలో వాళ్ల అమ్మ తుల్సీబాయి దిగింది. మోచేతి దాకా నిలవాల్సిన దంతపు రంగు గాజులు మణికట్టుకు జారిపోయేంత సన్నబడింది ఆ మనిషి. "చూసి పోదామని వచ్చింది" అన్నది అనిత, మా కళ్లలోకి చూడకుండా.

ఆయాగా పనిచేసిన సారమ్మకు చెప్పాలా? ఆ రాత్రే నాతో అన్నది, "ఆమె ఇగ పోయేది లేదు టీచరమ్మా." వాళ్లు రైలెక్కి వరంగల్ పెద్ద దవాఖానకు పోయి వస్తుంటే అది నయమయ్యే జబ్బు కాదని మాకు తెలిసిపోయింది. ఎక్కడికి పోతున్నారని మేము అడగలేదు. పండుగ సామాన్లకని వాళ్లు అబద్ధం చెప్పినా విన్నాం. సారమ్మ రోజూ రాగి జావ చేసి వాకిట్లో పిట్టగోడ మీద పెట్టేది. అనిత గిన్నె కడిగి అదే గోడ మీద పెట్టేది. తుల్సీబాయి ఎండపొడకు కూర్చుని మా ముచ్చట్లు వినేది.

"చెప్పేయరాదు పెద్దమ్మా, ఆమె ఇక్కడే ఉండొచ్చని" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"గా మాట చెప్తే కొమురయ్య ముచ్చట గుడ చెప్పాలె గదా. ఇన్నొద్దులు ఎందుకు దాచినవంటరు. ఆ పిల్లలు ఆ గదిలనే పంటున్నరు. దినాం చెప్దామనుకుంట, నోరు పెగుల్తలేదు." ఆమెను అంత చిన్నబోయి నేనెప్పుడూ చూడలేదు. ప్రభుదాస్ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

శ్రావణంలో ముసురు పట్టింది. వరంగల్ డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మర్నాడు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. ఉపేందర్ తల్లిని దుప్పటిలో చుట్టి, ఎత్తుకుని తెచ్చి వెనక సీట్లో పెట్టాడు. ఆమె గొంతులో గురక మాకు వాకిట్లోకి వినబడుతోంది.

"యాడికి కొడుకా?" అంది సారమ్మ.

"తీజ్ పండుగ ఉంది అవ్వా. తండాకు పోతున్నం."

"మొన్నటి వానకు మీ తండ ఇల్లు కూలిందంటివి గదా. ఆడ యాడ పండవెడ్తవ్?"

"ఎవరిదన్న పంచ ఉంటది."

ఆటో డ్రైవరు తల గోక్కున్నాడు. "వాగు రోడ్డు మీదికెళ్లి పోతుందట అన్నా. ఈ ఒడ్డు దాక తెస్త, ఆవల నీ ఇష్టం."

సారమ్మ పోయి ఆటోకు అడ్డంగా నిలబడింది. ఏనాడో తొర్రూరులో ఒక మనిషి గేటుకు అడ్డం నిలబడ్డట్టే నిలబడింది, కానీ లోపలికి రావద్దని కాదు. "దించు ఆమెను" అన్నది.

ఉపేందర్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. "ఇంతకుముందు ఇద్దరు ఓనర్లు ఎల్లగొట్టిన్రు అవ్వా. మీకు చెప్పకుండ తెచ్చినం, తప్పే. ఇంట్ల సావు జరిగితె మీకు మళ్ల ఎవరు కిరాయికొస్తరు? మీరు జావ పోసిన్రు. మీకు నష్టం చెయ్యలేను."

"జరగనీ. ఆ గదిల ఇంతకుముందే ఒక మనిషి పోయిండు. నేనే మీకు చెప్పలె."

అనిత చేతిలోని మూట జారిపోయింది. "అదే గదిల పిల్లలను పండవెట్టుకున్నం గదా ఆంటీ! ఒక్క మాట చెప్పకపోతిరి!"

"తప్పు నాదే బిడ్డా. చెప్తే పోతరని చెప్పలె. ఇడ్సి పోతమంటె పొండ్రి, నేను ఏమన. కని ఆమెను వానల వాగొడ్డుకు తీస్కపోకుండ్రి. నేను చూసిన, బజార్ల పండవెడితె ఎట్లుంటదో."

అందరం వానలో తడుస్తూ నిలబడ్డాం. అనిత కోపంలో న్యాయం ఉంది. అప్పుడు ఆటో లోపలి నుంచి సన్నటి గొంతు వినబడింది.

"ఎవలు పోయిండు?"

సారమ్మ వంగి లోపలికి చూసింది. "కొమురయ్య అని, దర్జీ."

"మంచోడేనా?"

"మంచోడు. ఎవల జోలికీ పోయెటోడు కాదు."

తుల్సీబాయి కొంచెం ఊపిరి తీసుకుంది. "గట్లయితె నన్ను దింపుండ్రి" అన్నది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. రెండూ చేశాను. ఉపేందర్ తల్లిని ఎత్తుకుని తిరిగి లోపలికి నడిచాడు. సారమ్మ ముందుగా పోయి పక్క దులిపింది. అనిత కొద్దిసేపు గేటు దగ్గరే ఉండి, మూట తీసుకుని తానూ లోపలికి పోయింది.

తుల్సీబాయి ఆ ముసురులోనే పోయింది, కిటికీ పక్కన, కొడుకు చేతిలో చెయ్యి పెట్టి. తండా మనుషులు వచ్చారు. ఆడవాళ్లు తమ భాషలో రాగం తీసి ఏడుస్తుంటే సారమ్మ అర్థం కాకపోయినా వాళ్ల మధ్య కూర్చుని ఏడ్చింది. ప్రభుదాస్ భూపాలపల్లి నుంచి వచ్చి, ఎవరూ చెప్పకుండానే వాకిట్లో టార్పాలిన్ కట్టాడు. వాన తెరిపిచ్చాక ఆమెను ఆ గుమ్మం నుంచే తీసుకుపోయారు.

ఉపేందర్ వాళ్లు దినాలకని తండాకు పోతే, ఇక సామాన్ల కోసమే వస్తారనుకున్నాం. అనిత మాతో సరిగా మాట్లాడకుండానే పోయింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో సున్నం డబ్బా ఉంది. పొద్దంతా గది కడిగి సున్నం వేసింది. సాయంత్రం తుల్సీబాయి ఫోటో ఒకటి పట్టుకుని సారమ్మ గది ముందు నిలబడింది.

"ఆంటీ, గోడకు మొల కొట్టుకోవచ్చా?"

సారమ్మ సుత్తె తీసుకుని తానే లేచింది.

కష్టం గట్టెక్కినా ప్రభుదాస్ మనసు ఊరుకోలేదు. పోయే ముందు తల్లి పక్కన కూర్చున్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు. "వయసు మీద పడ్డది అమ్మా. ఒక్కదానివి ఎన్నొద్దులు? నాతోని రా."

సారమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూనే ఉంది. "వస్త. నువ్వుండేది గుడ కిరాయి ఇల్లే గదా. మీ ఓనరును ఒక్క మాట అడుగు. మా అమ్మ ముసల్ది, ఇక్కడ్నే పోవచ్చు, పోతె లోపలనే పండవెడ్తం అని చెప్పు. సరే అంటే ఇప్పుడే బట్టలు సదురుకుంట."

ప్రభుదాస్ వాకిట్లో ఇంకా కట్టే ఉన్న టార్పాలిన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. బస్సుకు వేళైందని లేచి పోయాడు. పాపం, అంత మాట ఎందుకన్నదని నాకే అనిపించింది.

వారం తిరగకముందే ఫోన్ చేశాడు. అడిగాడట. ఓనరు ఒప్పుకోలేదట. అందుకని వేరే ఇల్లు చూస్తున్నాడట. భూపాలపల్లిలో టులెట్ బోర్డు కనబడిన ప్రతి గేటూ తట్టి, కిరాయి ఎంతని అడగకముందే తల్లి సంగతి చెబుతున్నాడట. ఇప్పటిదాకా ఒక్కరు కూడా తాళంచెవి ఇవ్వలేదు.

"ఎవరన్నా ఒప్పుకుంటారంటావా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఒప్పుకోకుంటె ఒప్పుకోకపోనీ" అన్నది సారమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "నా కొడుకు ముందుగాల చెప్పి అడుగుతుండు. నాకు గంతే చాలు."