నూకయ్య ఇంట్లో ఇద్దరి లెక్క

అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో చేపలవాళ్ళ సందులోకి వెళ్ళి అప్పలకొండమ్మ ఇల్లెక్కడని అడిగితే, "సర్చికెళ్ళే అప్పలకొండమ్మేనా?" అని ఎదురడుగుతారు. ఆ సందులో అప్పలకొండమ్మలు ముగ్గురున్నారు మరి. చర్చికెళ్ళేది మాత్రం ఈవిడొక్కతే.

ఆ పేరుతో క్రైస్తవురాలేమిటని నవ్వకండి. సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటే పుట్టిందని తల్లి పెట్టుకున్న పేరది. బాప్తిస్మం ఇచ్చేరోజు పాస్టరుగారు మంచి బైబిలు పేరొకటి పెడతానన్నారు. "మాయమ్మ మొక్కుకుని ఎట్టుకున్న పేరు బాబూ, అది తియ్యకండి. ఏసయ్య ఏ పేరెట్టి పిలిచినా పలుకుతాను" అంది. పాస్టరుగారు ఆ పేరుతోనే బాప్తిస్మం ఇచ్చారు.

ఆవిడ ఆ దారి పట్టింది సునామీ వచ్చినప్పుడు. నికోబార్ దీవుల నుంచి ఓడల్లో తెచ్చిన జనాన్ని పోర్ట్ బ్లెయిర్‌లో శిబిరాల్లో ఉంచితే, వండి పెట్టడానికి ఈవిడా వెళ్ళింది. అక్కడ కార్ నికోబార్ మనిషి ఆగ్నెస్ కనిపించింది. ఇద్దరు పిల్లల్ని సముద్రానికిచ్చి వచ్చిన మనిషి, పొద్దున్నే లేచి పక్కవాళ్ళ పిల్లలకు తల దువ్వుతోంది. అది చూసి అప్పలకొండమ్మ తట్టుకోలేకపోయింది. ఏడాది కిందట జ్వరంతో పోయిన తన కూతురి గురించి, మొగుడితో కూడా చెప్పుకోని మాటలన్నీ ఆగ్నెస్‌తో హిందీలో చెప్పుకుంది. ఆగ్నెస్ ఆవిడ చెయ్యి పట్టుకుని తన నికోబారీ భాషలో ప్రార్థన చేసింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గుండెలో బరువు మాత్రం దిగింది. రెండేళ్ళ తర్వాత బాప్తిస్మం తీసుకుంది.

ఆగ్నెస్ ఇప్పటికీ ఓడ దిగితే ఈ ఇంట్లోనే బస. వచ్చినప్పుడల్లా ఒకటే వేళాకోళం: "మా దీవిలో చర్చికి రానివాళ్ళని వెతకాలి దీదీ, మీ సందులో వచ్చేవాళ్ళని వెతకాలి." అబద్ధమేమీ కాదు. కార్ నికోబార్‌లో ఊళ్ళకు ఊళ్ళే క్రైస్తవులు. మాయాబందర్ వైపు బర్మా నుంచి వచ్చిన కరెన్ క్రైస్తవుల పల్లెలున్నాయి, మధ్య అండమాన్ అడవి అంచున రాంచీ నుంచి కూలికొచ్చిన క్రైస్తవుల ఇళ్ళున్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో అందరూ కొంచెం కొంచెం. అక్కడ గంపలకొద్దీ ఉన్న క్రైస్తవ జనం ముందు ఇక్కడ ఈవిడ చిటికెడు ఉప్పు.

ఇక ఆవిడ మొగుడు నూకయ్య. తోటి జాలరి అసిరయ్యతో కలిసి డింగీ, అంటే చిన్న చేపల పడవ, నడిపే మనిషి, గంగమ్మకు దణ్ణం పెట్టందే లంగరు తియ్యడు. అయినా పెళ్ళాన్ని ఒక్కనాడు కాదనలేదు. ఆదివారం స్కూటరు మీద చర్చి గుమ్మం ముందు దింపి, ప్రార్థన అయ్యేదాకా ఎదురుగా టీ కొట్లో కూర్చుంటాడు. కొత్త వల నీళ్ళలో పడేముందు ఇంటి ఆడది పసుపు రాయాలి. ఆ పని అప్పలకొండమ్మే చేస్తుంది, చేతిలో పసుపు, పెదాల మీద ఏసు ప్రార్థన. "మన డింగీకి ఇద్దరు దేవుళ్ళు కాపలా, మనకేటి బయం!" అని అసిరయ్య నవ్వుతాడు.

ఇంత మంచి మొగుడి మీద ఆవిడకు ఒకే ఒక్క కోపం. కిందటిసారి జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఆవిడ బజారులో చేపలమ్ముతోంది. ఇంట్లో ఉన్న నూకయ్య ఇద్దరికీ కలిపి హిందూ అని రాయించేశాడు. అదేమిటని అడిగితే, "ఒక ఇంటికి రెండేటి?" అని మాట తప్పించాడు. ఆవిడ మూడురోజులు పలకలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది. అసలే ఆ సందులో ఒక్కతి, ఆ ఒక్కతీ లెక్కలో లేకుండా పోయింది. కట్టుకున్నవాడే తనను తుడిచేసినట్టు అనిపించింది ఆవిడకు.

ఈసారి మళ్ళీ లెక్కలని తెలిసి, ఆ వారమంతా చేపల గంప ముట్టలేదు. లెక్కలకు వచ్చింది ఊళ్ళోనే ఉన్న లంబాలైన్ పేట నుంచి లహరి అనే టీచరమ్మ. తాతల నాడే శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంటి పిల్ల. వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఫోను తీసింది.

"ఆంటీ, ఆప్‌కా పేరు చెప్పండి."

"అప్పలకొండమ్మ."

"అరే! మా నానమ్మ పేరూ అదే!" అని మురిసిపోయి, ఇంకేమీ అడక్కుండానే, "హిందూ... ఠీక్ హై... మాతృభాష తెలుగు..." అని గొణుక్కుంటూ వేలు ఆడించేసింది. ఆ పేరు విన్న మనవాళ్ళెవరైనా అదే చేస్తారు.

కాదని చెప్పడానికి అప్పలకొండమ్మకు నోరు లేక కాదు. ఇరవయ్యేళ్ళుగా చర్చి గుమ్మం దాకా తెచ్చి దింపే మనిషి నోటి నుంచి ఆ మాట వినాలని ఆవిడ ఆశ. మొగుడి వైపు చూసింది. నూకయ్య తలెత్తలేదు. వల ఒళ్ళో వేసుకుని, చిరుగే లేనిచోట ముడి మీద ముడి వేస్తున్నాడు. ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, టీ పెడతానని లేచింది.

"ఆగు బేటీ" అన్నాడు నూకయ్య. "అది తప్పు. దానికి క్రిస్టియన్ అని రాయి."

లహరి నాలుక కరుచుకుంది. "సారీ అంకుల్, పేరు విని..."

"నీ తప్పేటి లేదు. కిందటిసారి నానే తప్పు రాయించినాను. తెలిసే రాయించినాను."

అప్పలకొండమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "తెలిసా? ఎందుకు మావా?"

నూకయ్య వల కేసే చూస్తూ చెప్పాడు. "యేరే యేరే రాస్తే, సచ్చినాక నిన్ను ఆళ్ళొచ్చి తీసుకుపోతారు, నన్ను ఈళ్ళు తీసుకుపోతారు. ఒకేలాగ రాస్తే పైనున్నోడు ఎవడో ఒకడు ఇద్దర్నీ ఒకే కాడ ఎడతాడనుకున్నాను." తర్వాత లహరిని అడిగాడు. "బేటీ, ఇలాగ రాస్తే ఇద్దర్నీ ఒకే ఇంట్లో ఉంచుతారా?"

"ఇల్లు ఒకటే కదా అంకుల్, నంబరూ ఒకటే. మతం ఏదైనా ఇద్దరూ అందులోనే ఉంటారు."

"పక్కా?"

"పక్కా అంకుల్."

"అయితే రాసెయ్."

లహరి దిద్దింది. దిద్దిన చోటు అప్పలకొండమ్మకు చూపించింది. చదువు రాకపోయినా ఆవిడ దాన్ని వేలితో తాకి చూసుకుంది. తర్వాత టీ సంగతి మరిచిపోయి, వచ్చి మొగుడి పక్కన వల మీదే కూలబడింది. ఇన్నేళ్ళూ దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలీదు. జాలీ ప్రేమా కలిసి ముంచుకొచ్చాయి.

"ఎర్రిబాగులోడా! నాను ముందు పోతే నువ్వే వచ్చి నీ సేత్తో మట్టెయ్యి. నువ్వు ముందు పోతే నీ బూడిద నానే సముద్రంలో కలుపుతాను. మద్దిలో ఆళ్ళెవులు, ఈళ్ళెవులు?"

నూకయ్య చేతిలో ముడి వదిలేశాడు. వల పక్కన పెట్టి ఆవిడ చెయ్యి తీసుకున్నాడు.

"నువ్వు మాత్రం ముందు పోకే" అన్నాడు. "మట్టెయ్యడం నా సేత కాదు."