వాకిలి ఎత్తు అడగని ఫారం

పత్రికాఫీసులో చేరకముందు, నాలుగు కంప్యూటర్ మాటలు వస్తే తలమీద కొమ్ములు మొలిచినట్టు తిరిగే ఆ వయసులో, నంద్యాలలో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేశాను. ఉన్నది ఇద్దరమే, నేనూ, నాకు సీనియరైన అక్కా. (వరసకు అక్క, పనిలో హెడ్మాస్టరు.) ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన మాచేత వెబ్‌సైటు పెట్టించుకున్నాడు. విగ్రహం కావలసినవాళ్లు అందులో ఫారం నింపితే ఆ వివరాలు మెయిల్లో ఆయనకు చేరాలి. ఫారం వెనక పనిచేసే ప్రోగ్రాం ఏ భాషలో రాయాలన్న దగ్గర మాకు పేచీ వచ్చింది. “పెర్ల్ చాలుబ్బా, జనాలు ఏం రాసినా రాసినట్టే పంపిస్తాది” అంది అక్క. నేను జావా కోర్సు ముగించి, సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి ఇంకా వారం కాలేదు. “పెర్లాక్కా? కోడి గెలికినట్టుంటాది. జావా అయితే అంకె ఉండాల్సిన చోట అక్షరం పడనీదు” అన్నాను. “సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాల, రాయి” అంది.

మూడు వారాలు రాశాను. విగ్రహం ఎత్తు అన్న గడిలో అంగుళాల అంకె తప్ప ఇంకేం రాసినా ప్రోగ్రాం తిప్పికొడుతుంది. నలభైసార్లు నేనే నింపి పరీక్షించాను. (నలభైసార్లూ ముప్పై ఆరు అనే రాశాను.)

నెల తిరిగేసరికి పెద్దాయన భుజమ్మీది తువ్వాలు నిండా రాతిపొడితో బస్సు దిగొచ్చాడు. “ఏందప్పా, ఒక్కటన్నా రాల్యాదే? పని ల్యాక ఇద్దరు శిష్యులు వేరే చోటికి పోతామంటాండారు. చేతి పని నేర్పిన పిలకాయలప్పా!” తిప్పికొట్టినవన్నీ ఒక ఫైల్లో పడేటట్టు రాశానే గానీ, దాన్ని ఎప్పుడూ తెరిచిన పాపాన పోలేదు. అక్క తెరిచింది. పదకొండు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఎత్తు గడిలో ఉత్త అంకె లేదు. మొదటిది అవుకు దగ్గర గుడి కడుతున్నవాళ్లది: “ఆంజనేయస్వామి. వాకిలి ఆరడుగులు. ఎత్తు దానికి తగ్గట్టు మీరే చూడండి.”

పెద్దాయన ముఖం విప్పారింది. “సరిగ్గా రాసినారే! గర్భగుడి వాకిలి తెలీకుండా మూలవిగ్రహం ఎత్తు ఎవరు చెప్తారప్పా? దాన్ని బట్టే గదా మేం కొలత తీసేది!” అక్క నా వైపు తిరిగి, “నీ జావా కాపలా బాగానే కాసిందిబ్బా. దేవుణ్ణే లోపలికి రానీల్యా” అంది.

అవుకువాళ్లకు అప్పటికప్పుడు ఫోన్ చేశాం. ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదన్నారు. శిష్యులు ఎక్కడికీ పోకుండా ఆయన దగ్గరే ఆగిపోయారు. ఆ మధ్యాహ్నమే అక్క పెర్ల్‌లో కొత్తది రాసేసింది, ఒక పేజీ కూడా నిండలేదు. అయితే రాసేముందు పెద్దాయనను కూర్చోబెట్టి, “మీరు మొదట ఏం అడుగుతారు నాయనా?” అని అడిగి గంటసేపు విన్నది. తప్పు జావాది కాదని, నేను వినకుండా గీసిన గడిదని అప్పుడు తెలిసింది. తర్వాత ఎన్నేళ్లు వార్తలు రాసినా, అడగడం నేర్చుకున్నది ఆ గంటలోనే.

అవుకు వైపు పోయినప్పుడు ఆ గుళ్లో ఆగుతాను. వాకిలికి అతికినట్టున్న స్వామిని చూస్తుంటే, ఎవరినీ ఏమీ అడగకుండా ఆయనకు ముప్పై ఆరు అంగుళాలు ఖాయం చేసిన కుర్రాడు గుర్తొచ్చి, దణ్ణం మధ్యలోనే నవ్వొస్తుంది.